గీతలున్నాయి, మాట వెళ్ళదు

మా పరవాడలో ఇంట్లో కూర్చుంటే సముద్రం కనబడదు గాని, దాని వార్తలు మాత్రం రోజూ గుమ్మంలోకి వస్తాయి. ముత్యాలమ్మపాలెం నుంచి చేపలు తెచ్చే ఆమె తట్ట దించుతూ ఒకటో రెండో చెప్పక మానదు. మొన్న కానాగంతలు దించుతూ నన్నొక ప్రశ్న అడిగింది.

"సముద్రం మీద మా ఆయన ఫోనులో రెండు గీతలు కనబడతాయంట బాబూ. నొక్కితే మాత్రం మాట ఎల్లదంట. గీతలున్నప్పుడు మాటెందుకు ఎల్లదు?"

వారం వారం మీకు విజ్ఞానం పంచిపెట్టేవాణ్ణి గదా, ఠక్కున జవాబు చెప్పేస్తాననుకుంది పాపం. "నెట్‌వర్కు బాగుండదులే అమ్మా" అని తప్పించుకున్నాను. ఈమాత్రం చెప్పడానికి ఇంట్లో ఇన్ని పుస్తకాలెందుకని మా ఆవిడ చూపుతోనే అడిగింది. అంచేత ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించాను. తీరా చూస్తే, ఆరో తరం, అంటే సిక్స్ జి, కోసమని పరిశోధకులు తలలు పట్టుకుంటున్న చిక్కుల్లో సగం ఆమె ప్రశ్నలోనే వున్నాయి.

ఫోనులో కనబడే గీతలు టవరు మాట మనకెంత బాగా వినబడుతున్నదో చెబుతాయి. మన మాట టవరుకి వినబడుతున్నదీ లేనిదీ చెప్పవు. టవరు మీది యంత్రం 40 వాట్లతో, అయిదో తరంలోనైతే 200 వాట్లదాకా కేకపెడుతుంది. మన ఫోను మాట్లాడేది 0.2 వాట్టుతో. పాతకాలపు టార్చిలైటు బల్బు ఇంతకంటే ఎక్కువ తినేది. పోనీ ఫోను శక్తి పెంచుదామంటే బ్యాటరీ చాలదు. పైగా చెవికి ఆనించుకునే వస్తువు గనక దానికో హద్దు పెట్టారు. ఏటికి ఆ గట్టున పెద్ద గొంతువాడు కేకేస్తే ఈ గట్టున ముసలాయనకు వినబడుతుంది. ఆయన గొణిగిన జవాబు అతనికి వినబడుతుందా?

తరం మారేకొద్దీ ఇది బాగుపడాలి గదా అంటారేమో. అక్కడే వుంది తిరకాసు. వేగం కావాలంటే వెడల్పయిన దారి కావాలి. కింది తరంగాల దగ్గర దారులన్నీ ఎప్పుడో నిండిపోయాయి గనక పైపైకి పోవాలి. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. గోడలు, తోటలు దాటిపోగలదు. 2022 లో మన దేశంలో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగం సెంటీమీటరు పైచిల్లర. అరచెయ్యి అడ్డం పెడితే చాలు, చతికిలబడుతుంది. ఆరో తరానికి పరిశీలిస్తున్నవాటిలో 100 గిగాహెర్ట్జ్ పైనవి కూడా వున్నాయి. వాటి పొడవు 3 మిల్లీమీటర్ల లోపు, అంటే వానచినుకంత. ఆ చినుకులే వాటిని మింగేస్తాయి.

ఇక్కడ మనవాళ్ళు చేసిన మంచి పని ఒకటి చెప్పాలి. అయిదో తరానికి కొలతలు పెట్టేటప్పుడు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారు పల్లెటూళ్ళలో టవరుకీ టవరుకీ మధ్య దూరం 1.7 కిలోమీటర్లని లెక్కవేసుకున్నారు. పరవాడలో బయలుదేరి అంతంత దూరానికో టవరు నాటుకుంటూ పోతే ఎవరి బొక్కసం చాలుతుంది? మన ప్రమాణాల సంస్థ టి.ఎస్.డి.ఎస్.ఐ. పట్టుబట్టి, 6 కిలోమీటర్ల దూరంతో ఇంకో పరీక్ష చేర్పించింది.

మరి అంత దూరం ఫోను గొంతు ఎలా పోతుంది? ఫోను ఒకేసారి వందలాది చిన్న తరంగాల మీద సమాచారం పంపుతుంది. ఒక్కొక్కప్పుడు అవన్నీ కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి. హరికథ చెప్పే దాసుగారు మెల్లగా చెబుతూ చెబుతూ వున్నట్టుండి గొంతెత్తితే మైకు గీమంటుంది. ఆ భయంతో మైకువాడు మొదటినుంచీ తగ్గించి పెడతాడు. వెనక వరసవాళ్ళకి కథ సగమే వినబడుతుంది. ఫోనులో యాంప్లిఫయరు చేసేదీ ఇదే. హైదరాబాదు ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ కిరణ్ కూచి వంటివారు పట్టుకున్న కిటుకేమిటంటే, ఎత్తుపల్లాలు లేకుండా సాఫీగా సాగేటట్టు తరంగాన్ని మలచడం. దాసుగారు ఒకే స్థాయిలో చెబితే మైకు పూర్తిగా తిప్పి పెట్టవచ్చును గదా! అయితే ఈ పద్ధతిలో సమాచారం నెమ్మదిగా వెళుతుంది. సినిమా అక్కర్లేదు, కబురు చేరితే చాలుననుకునేవాడికి అదొక నష్టమా?

ఈ పద్ధతిని తప్పనిసరి చేసిన మన ప్రమాణం, 'ఫైవ్ జి ఐ', 2021 లో అంతర్జాతీయ ఆమోదం పొందింది. మనకొక్కరికే వేరే ప్రమాణమైతే ఫోన్ల ధర పెరుగుతుందని కంపెనీలు గోలపెట్టాయి. అదీ నిజమే. ఆ ఏడాది చివర్లో దాని సారాన్ని ప్రపంచ ప్రమాణంలో కలపడానికి ఒప్పందమైంది. విడిగా పెంచడం మానేశారు. పేరు పోయింది గాని పని మిగిలింది.

ఇదంతా నేల మీది సంగతి. నీళ్ళ మీద ఇంకో తంటా. భూమి గుండ్రం గనక 40 మీటర్ల టవరు చూపు సుమారు 22 కిలోమీటర్ల దగ్గర నీళ్ళలో దిగిపోతుంది. పడవలో లేచి నిలబడి ఫోను రెండు మీటర్లు ఎత్తి పట్టుకుంటే ఇంకో 5 కిలోమీటర్లు కలిసొస్తుంది. మా చేపలామె భర్త ఈ లెక్కలేమీ లేకుండానే ఆ పని చేస్తాడట.

2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ ఎలా వచ్చిందో మా తీరంవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అటువంటప్పుడు కబురంటే ప్రాణమే. 2010 నుంచి ఇస్రోవారి ఆపద యంత్రం వుండేది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా మొర వెళ్ళేది, అది అందినదో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. 2019 లో 'జెమిని' పెట్టె వచ్చింది. హైదరాబాదు ఇన్‌కాయిస్ వారి తుఫాను హెచ్చరికలు అందిస్తుంది, జవాబు చెప్పనివ్వదు. ఒకటి చెవిటిది, ఒకటి మూగది! 2024 జనవరిలో రెండో తరం ఆపద యంత్రం వచ్చాకగాని "మీ కబురు అందింది" అన్న మాట పడవలోకి తిరిగి రాలేదు.

ఇప్పుడు పరిశోధకుల పట్టుదల, వేరే పెట్టె లేకుండా జేబులో ఫోనే ఉపగ్రహంతో మాట్లాడాలని. 2022 లో ఖరారైన ప్రపంచ ప్రమాణంలో దీనికి చోటిచ్చారు. కాని 550 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం సెకనుకి సుమారు 7.6 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తుతూ వుంటుంది. అనకాపల్లి స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికొస్తూంటే ఒకలా, దూరమవుతూంటే ఒకలా వినబడదూ? తరంగం శ్రుతి కూడా అలాగే తప్పుతుంది, క్షణక్షణమూ సరిచేసుకోవాలి. ఆపైన ఆ 0.2 వాట్టు గొణుగుడును అంతెత్తునుంచి ఏరుకోవాలి. ఆరో తరానికి 2023 నవంబరులో గీసిన అంతర్జాతీయ ప్రణాళికలో ఆరు ప్రయోజనాలు రాశారు. అందులో ఒకటి, ఎక్కడున్నా అందుబాటు. జనం వేగం గురించే మాట్లాడుకుంటారు. నన్నడిగితే ముందు ఇదే కానివ్వమంటాను.

మర్నాడు ఇదంతా ఆమెకు చెప్పాను, హరికథతో సహా. శ్రద్ధగా విన్నది.

"అంటే బాబూ, టవరు మాట మాకినబడతాది, మా మాట టవరుకి ఇనబడదు. అంతేనా?"

అంతే. నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఇంతలో ఆమె నడుముకి దోపుకున్న ఫోను మోగింది. చెవిన పెట్టుకుని రెండు మాటలు విని, "ఒడ్డు కనబడతందంట!" అంటూ తట్ట నెత్తికెత్తుకుంది. ఆవేళ చేపలకు డబ్బులిచ్చానో లేదో ఆమెకూ గుర్తులేదు, నాకూ లేదు.