పులిహోరకి కాల్షియం తక్కువైంది

బల్లికి వైద్యం చేయించి బిల్లు కట్టినవాణ్ణి మా తెనాలి మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటా. అదీ డాలర్లలో. చెకప్, ఎక్స్‌రే, మందులు కలిపి 340. ఫోన్‌లో ఈ నంబర్ వినగానే అమ్మ ఒకే మాట అంది: "మన వంటింటి గోడ మీద నాలుగు ఫ్రీగా తిరుగుతున్నాయి కదరా నాన్నా!"

అసలు కథేంటంటే, నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా పై ఫ్లోర్‌లో ఉండే స్టూడెంట్ కుర్రాడు వేరే స్టేట్‌కి వెళ్తున్నాడు. కొత్త అపార్ట్‌మెంట్‌లో పెట్స్‌ని ఒప్పుకోరట. వెళ్తూ వెళ్తూ తన లెపర్డ్ గెక్కోని గాజు పెట్టెతో సహా నా చేతిలో పెట్టాడు. పసుపు ఒళ్లు, దాని మీద నల్లటి చుక్కలు. అచ్చం ఆవాల పోపు పడ్డ పులిహోర. పేరు కూడా అదే పెట్టేశా.

ఇది మన ఇంటి బల్లికి దూరపు చుట్టమే గానీ అలవాట్లు వేరు. మన బల్లికి కనురెప్పలుండవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. దీనికి రెప్పలున్నాయి, చక్కగా కళ్లార్పుతుంది. గోడలెక్కదు, నేల మీదే నడుస్తుంది. కొవ్వు తోకలో దాచుకుంటుంది కాబట్టి తోక లావుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. సొంతూరు అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతంలోని పొడి రాతి నేలలు. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు దాటి బతుకుతుంది. హెచ్‌1బీ మామూలుగా ఆరేళ్లే. అంటే నా వీసా కంటే దీని ఆయుష్షు ఎక్కువ.

రెండో రోజుకే నాకు ఏదో తేడా కొట్టింది. పొట్ట నేలకి ఈడ్చుకుంటూ నడుస్తోంది. ముందు కాళ్లు బ్రాకెట్లలా బయటికి వంగి ఉన్నాయి. వేళ్లు వాటంతటవే వణుకుతున్నాయి. అరచేయంత ఎత్తున్న రాయి ఎక్కబోయి పక్కకి పడిపోయింది. బల్లి మన మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో పేజీ ఉంటుంది. తల మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే ఇంకో ఫలితం. బల్లే పడిపోతే మనమేం చెయ్యాలో మాత్రం ఏ పేజీలోనూ ఉండదు.

సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆవిడ కింది దవడని వేలితో మెల్లగా నొక్కి చూసింది. రబ్బరులా వంగింది. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, గట్టి గీతల్లా కనిపించాలి. మా పులిహోరవి పొగలా ఉన్నాయి. జబ్బు పేరు మెటబాలిక్ బోన్ డిసీజ్. చిన్నపిల్లలకొచ్చే రికెట్స్‌కి దగ్గరి బంధువు.

ఈ జబ్బు పనిచేసే పద్ధతి వింటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎక్కడో తగులుతుంది. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, నరం మెసేజ్ పంపాలన్నా రక్తంలో కాల్షియం ఉండాలి. తిండిలో రాకపోతే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి పోస్తాయి. ఎఫ్‌డీ పగలగొట్టి ఇంటి అద్దె కట్టినట్టు. బయటికి అంతా మామూలే. డ్యాష్‌బోర్డ్ మొత్తం గ్రీన్. లోపల డిపాజిట్ ఖాళీ అయ్యాక గానీ కాళ్లు వంకర పోవు, వణుకు రాదు. మనకి లక్షణం కనిపించేసరికి జబ్బు మొదలై చాలా నెలలైనట్టే లెక్క.

ఆ కుర్రాడు తిండి పెట్టలేదా? రోజూ పెట్టాడు. మీల్‌వర్మ్స్, అప్పుడప్పుడూ కీచురాళ్లు. సమస్య అక్కడే ఉంది. గెక్కో తిండిలో ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం సుమారు రెండు వంతులు ఉండాలి. పురుగుల్లో ఈ లెక్క తలకిందులు. కీచురాయిలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఏడు రెట్ల దాకా ఎక్కువ, మీల్‌వర్మ్‌లో పదిహేను రెట్ల పైనే. అందుకే పెట్టే ముందు పురుగుల్ని కాల్షియం పొడిలో దొర్లించాలి, అంతకు ముందు వాటికే మంచి ఆకుకూరలు మేపాలి. కుర్రాడికి ఈ పొడి సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రేమకి లోటు లేదు, చిటికెడు పొడికే లోటు.

కాల్షియం పొట్టలోకి వెళ్తే సరిపోదు, ఒంటికి పట్టాలంటే విటమిన్ డీ3 కావాలి. ఎండలోని యూవీబీ కిరణాలు చర్మం మీద పడితే అది తయారవుతుంది. కిటికీ పక్కన పెట్టాం కదా అంటే కుదరదు, మామూలు గాజు యూవీబీని ఆపేస్తుంది. అందుకే ప్రత్యేకంగా యూవీబీ బల్బు పెట్టాలి. దానితో ఇంకో తిరకాసు. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు యూవీబీ తగ్గిపోతుంది, వెలుగు మాత్రం అలాగే వస్తుంటుంది. సర్వీస్ డౌన్, స్టేటస్ పేజీ ఆల్ ఓకే. మనకీ ఇదేమీ కొత్త కాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆఫీసులో గాజు వెనకాల కూర్చునే మన బ్యాచ్‌లో వారానికో డీ3 సాషే పాలల్లో కలుపుకోనివాడెవడు?

ఈ పాఠం కొత్తదీ కాదు. 1889 ప్రాంతంలో లండన్ జూలో సింహం పిల్లలకి ఇలాగే ఎముకలు వంకర పోయేవి. ఎముకల్లేని మాంసం పెట్టేవారు మరి. జాన్ బ్లాండ్ సటన్ అనే సర్జన్ పాలు, నలగ్గొట్టిన ఎముకలు, కాడ్ లివర్ ఆయిల్ పెట్టమన్నాడు. కొన్ని నెలల్లో పిల్లలు కోలుకున్నాయి. అప్పటికి విటమిన్ అనే మాటే పుట్టలేదు.

అమ్మ కూడా అదే లైన్‌లో వెళ్లింది. "చిన్నప్పుడు నీకు సున్నపు తేట పట్టేవాళ్లం, దానికీ రెండు చుక్కలు పట్టు" అంది. వద్దన్నా, ఆ ఘాటుకి వేలెడంత ప్రాణి నోరు కాలిపోతుంది. కానీ కాల్షియమే తక్కువైందని ఎక్స్‌రే లేకుండా పట్టేసింది మా అమ్మ.

ఇక సేవ. రాళ్లూ కొమ్మలూ అన్నీ తీసేశా. పడితే ఎముక విరుగుతుంది కాబట్టి చదునైన ప్లాస్టిక్ డబ్బా, అడుగున టిష్యూ పేపర్. ఒక వైపు 32 డిగ్రీల వేడి, థర్మోస్టాట్ పెట్టి మరీ. వేడి లేకపోతే దీనికి తిండి అరగదు. రోజుకి రెండుసార్లు సూది లేని సిరంజితో కాల్షియం సిరప్. మెత్తటి దవడతో పురుగు నమల్లేదు కాబట్టి పొడి ఆహారం నీళ్లలో కలిపి ముక్కు మీద చుక్క పెడితే నాకేది. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు. బరువు చూడ్డానికి దీనికంటూ వేరే కాటా కొన్నా.

మొదటి రోజు 31 గ్రాములు. అయిదో రోజుకి 28. ఆరో రోజు రాత్రి ఒళ్లంతా వణికి, వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. పొద్దున్నే డాక్టర్ కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి నన్ను పక్కకి పిలిచింది. "ఇంకో వారం చూద్దాం. తినడం మొదలెట్టకపోతే బాధ పెట్టకుండా పంపించేద్దాం" అంది. కారులో చాలాసేపు స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నా. అది బతకాలని నాకుంది, సరే. దానికి నొప్పి ఎంతుందో అది చెప్పదు. జబ్బు దాచుకోవడం బల్లి జాతి బతుకుతెరువు, బలహీనంగా కనిపిస్తే అడవిలో వేరేవాడికి భోజనం అయిపోతుంది. అందుకే గడువు ఒక వారమేనని నాకు నేను గట్టిగా చెప్పుకున్నా.

పదకొండో రోజు నేను సిరంజి తీసేలోపే మూతలో ఉన్న తిండిని తనే నాకింది. పదమూడో రోజు టిష్యూ పేపర్ మీద రెట్ట. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా. బాబాయ్ తిట్టాడు, అమ్మ దండం ఎమోజీ పెట్టింది.

నాలుగు నెలల తర్వాత ఎక్స్‌రేలో పొగ పోయి తెల్ల గీతలు కనిపించాయి. బరువు 49 గ్రాములు. దవడ గట్టిపడింది, కీచురాయిని కరకరా నమిలేస్తోంది. ముందు కాళ్లు మాత్రం అలాగే వంకరగా ఉన్నాయి. జబ్బు ఆగుతుంది, ఎముక గట్టిపడుతుంది, ఒకసారి వంగింది మాత్రం వంగిన చోటే గట్టిపడుతుంది. నయం కావడమంటే పాతలా అయిపోవడమని నేననుకునేవాణ్ణి. డాక్టర్ లెక్క వేరు: నొప్పి లేకుండా నడుస్తోందా, తనంతట తను తింటోందా, అంతే. ఆ లెక్కన మా వాడు పాసైపోయాడు.

ఇది చదివి బల్లిని పట్టుకొచ్చెయ్యకండి బాబూ. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవుల్ని పెంచుకోవడం నేరం. కానీ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మీ పిల్లలకో ఫ్రెండ్‌కో గెక్కో ఉంటే ఈ వీకెండ్ మూడు పనులు చెయ్యండి. బల్బు ఎప్పుడు మార్చారో చూడండి. పురుగులకి కాల్షియం పొడి పడుతోందో లేదో చూడండి. నడిచేటప్పుడు పొట్ట నేల నుంచి పైకి లేస్తోందో లేదో గమనించండి. లేవకపోతే గూగుల్‌లో వెతుకుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డీ3 మాత్రం సొంతంగా ఎక్కువ వెయ్యకండి, అది ఎక్కువైనా ప్రమాదమే.

పై ఫ్లోర్ కుర్రాడికి ప్రతి ఆదివారం బరువు మెసేజ్ పెడుతున్నా. పోయినవారం 51. ఒక్క నిమిషంలో రిప్లై వచ్చింది: "థ్యాంక్స్ అన్నా."