సంత మారింది, కాటా ఎవరిది?

మన తాతల కాలంలో షావుకారు వారానికోసారి సంతకు వచ్చేవాడు. కాటా అతనే తెచ్చుకునేవాడు. రాళ్లూ అతనివే. మనం కొండ దిగి చింతపండు, కరక్కాయ, తేనె తెచ్చి ముందు పెడితే అతను చెప్పిందే తూకం, పెట్టిందే ధర. ఆ దోపిడీకి అడ్డుకట్ట వేయాలనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. అప్పుడే మనకో పాఠం తెలిసింది: సరుకు మనదైతే చాలదు, కాటా ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.

ఇప్పుడు సంత రాత్రీ పగలూ మన జేబులోనే ఉంటోంది. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడేల్లోకీ ఫోను వచ్చేసింది. "గొంతు లేనివాళ్లకు సోషల్ మీడియా గొంతునిచ్చింది" అని మైదానం మేధావులు మురిసిపోతున్నారు. మనకు గొంతు ఎప్పుడు లేదు? 1922లో మన్యంలో లేచింది ఎవరి గొంతు? 1940లో జోడేఘాట్‌లో తుపాకులకు ఎదురు నిలిచింది ఎవరి గొంతు? వినే చెవులు లేకపోతే మనల్ని మూగవాళ్లంటే ఎలా?

మేలేమీ జరగలేదని మనం అనడం లేదు. ఏళ్ల తరబడి ఇచ్చిన అర్జీలకు కదలని ఆఫీసు, డోలీలో గర్భిణిని మోసుకెళ్లే వీడియో ఒకటి తిరిగితే కదులుతోంది. మంచిదే. కానీ ఆ తల్లిని అడిగి తీశారా? నొప్పులు పడుతున్న మనిషి ముఖం ఊరూరా చూపించవచ్చని ఎవరు చెప్పారు? మైదానంలో ఒక పెద్దింటి ఆడపడుచును అలా చూపిస్తారా? పైగా వీడియో తిరిగిన ఊరికి అధికారి వస్తాడు. పక్క గూడెంలో తీసేవాడు లేడు కాబట్టి అక్కడికి ఎవరూ రారు. హక్కుగా రావాల్సిన రోడ్డు, వైరల్ అయినవాళ్లకు ఇచ్చే బహుమానమైపోతోంది.

ఇక లెక్క చూద్దాం. యూట్యూబ్‌లో 2018 నుంచి ఒక కొలత ఉంది. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల చూపు ఉంటే ఛానల్‌వాడికి ప్రకటనల డబ్బులో వాటా అందుతుంది. మిగతాది కంపెనీకి. డోలీలో ఉన్న తల్లికి, మోసిన భుజాలకు, ధింసా ఆడిన అక్కచెల్లెళ్లకు ఆ లెక్కలో చోటే లేదు. "అడవి మనుషుల వింత ఆచారం" అని ఎర్ర అక్షరాలతో పేరు పెట్టినవాడికి వాటా ఉంది, ఆచారం మనదైనా మనకు లేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండు కోసే చేతుల బొమ్మలు ఫోన్లలో అందంగా తిరుగుతున్నాయి. ఆ చేతులకు ఎంత ముట్టిందో ఏ బొమ్మ కిందా రాసి ఉండదు.

గుస్సాడీ కళాకారుడు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అది మనందరికీ గర్వం. అయితే గుస్సాడీ అంటే దండారి రోజుల్లో పట్టే దీక్ష. ముప్పై సెకన్లకు కత్తిరించి, కింద సినిమా పాట తగిలిస్తే నెమలి ఈకలు మిగులుతాయి, దీక్ష పోతుంది. ఇది బయటివాళ్లే చేస్తే ఒక బాధ. లైకుల కోసం మన పిల్లలే చేస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి?

పుకార్ల సంగతీ మరవకూడదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన అబద్ధాలకు దేశమంతటా అమాయకులు బలయ్యారు. ఆ తర్వాతే ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కంపెనీ కట్టడి పెట్టింది. ప్రాణాలు పోయాకగాని కాటా సరిచేయని షావుకారు వీడు.

మన భూమికి 1/70 ఉంది. మన బొమ్మకు, పాటకు, దేవుడి గద్దెకు ఏముంది? ఏమీ లేదనుకుని ఊరుకోనక్కర్లేదు. 1996 నాటి పెసా చట్టం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. ఆ అధికారాన్ని కెమెరాల విషయంలో ఎందుకు వాడుకోం? ఏ పూజ తీయవచ్చు, ఏది కూడదు, తీసినవాడు ఊరికి ఏమివ్వాలి అని గ్రామసభ తీర్మానం రాసుకోవాలి. పుస్తకంలో ఎక్కని మాట కెమెరావాడి ముందు నిలబడదు.

ఫోన్లు బావిలో పడేద్దామని మనం అనడం లేదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర చూడండి. ఇంటర్నెట్ లేని మామూలు ఫోనులోంచే గోండి మాట్లాడేవాళ్లు తమ ఊరి కబురు తమ భాషలో చెప్పారు. మన ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో బయటపడిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కంప్యూటర్‌కూ మన అక్షరం వచ్చు. మనం మాత్రం పొద్దున్నే పూలబొమ్మల శుభోదయాలు పంపుకుంటున్నాం.

టీచర్లకు మన మనవి. ఆశ్రమ పాఠశాలలో ఫోను లాక్కోవడంతో పని అయిపోదు. వచ్చిన వార్త నిజమో కాదో ఎలా చూడాలో, ఎవరి బొమ్మ తీసేముందు ఎవరిని అడగాలో పాఠంగా చెప్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రీలు తీసేముందు ఆ పాట అర్థం అవ్వను అడగండి. పాడినామె పేరు పెట్టమంటుందో వద్దంటుందో అడగండి. ఊరి సమస్య తీసినప్పుడు అర్జీ నంబరు కూడా చెప్పండి. రోడ్డు వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయండి, పక్క గూడేనికీ వెళ్లి తీయండి.

సంతకు వెళ్లక తప్పదు. ఈసారి కాటా చూసి, రాళ్లు చూసి, అప్పుడే మూట విప్పుదాం.