తుపాను రక్షణ భవనములు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమపై సముద్రము విరుచుకొనిపడినది. గాలికంటె నీరే ఎక్కువ ప్రాణములను హరించినది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన కిలోమీటర్ల కొలది లోనికి చొచ్చుకొనివచ్చి, పూరిండ్లను, పశువులను, మనుష్యులను తుడిచిపెట్టినది. మృతులు సుమారు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. ఆ రాత్రి ఎక్కి ప్రాణము దక్కించుకొనదగిన మేడ చాల గ్రామములలో లేదు.

అటుపిమ్మట తీరము పొడవునను తుపాను రక్షణ భవనములు వెలసినవి. వాని కట్టడమును గమనింపుడు. క్రింది అంతస్తునకు గోడలుండవు. స్తంభములు మాత్రమే యుండును. ఉప్పెన నీరు వాని నడుమ సాగిపోవును. జనులు పై అంతస్తున నిలుతురు. నీటికి దారి విడుచుటయే మేలని గ్రహించిన యింజనీర్ల తెలివి మెచ్చదగినది. 1990వ సంవత్సరము మే నెలలో ఆ ప్రాంతముననే మరియొక మహాతీవ్రమైన తుపాను తీరము దాటినది. ఈ సారి ముందుగా హెచ్చరించి 1,50,000 మందికి పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచినది.

అయినను భవనము కట్టుటతో పని ముగిసినదని తలచుట పొరపాటు. నేను ఒక తీరగ్రామమున ప్రధానోపాధ్యాయుడనై యున్నప్పుడు ఊరి చివర అట్టి భవన మొకటి యుండెను. ఏండ్ల తరబడి దానికి తాళము. ఒక తుపాను సాయంకాలమున తల్లులు బిడ్డలను చంకనిడుకొని మెట్లపై నిలిచియుండగా, తాళపుచెవి గల ఉద్యోగి 20 కిలోమీటర్ల దూరమున నుండెను. గునపముతో తాళము పగులగొట్టితిమి. లోపల గబ్బిలములు, నీటితొట్టి బీటలువారినది, ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుపచువ్వలు పైకప్పునుండి బయటపడియున్నవి. తుపాను దారి మరల్చుకొనినది గనుక బ్రదికితిమి. ఆ తాళమును చాలకాలము నా బల్లసొరుగులో నుంచుకొంటిని.

కావున అట్టి భవనములలో పాఠశాల నడుపవలెనని నా యభిప్రాయము. పిల్లలు దినదినము తిరుగు చోట గబ్బిలములు చేరవు. కప్పు కారిన నాడే తెలియును. చీకటిలో సైతము మెట్లెన్నియో ప్రతి బాలునికిని తెలిసియుండును. బడి పెట్టినచో గోడలు మాయునని కొందరు నాతో వాదించిరి. మాయనిండు! సున్నము వేయుట కెంత ఖర్చు? అయితే చోటు చాలదని క్రింది స్తంభముల నడుమ గోడలు కట్టి గదులు చేయుటకు మాత్రము ఒప్పుకొనరాదు. అట్లు చేయబోయిన వారిని నేనే ఒకసారి వారించితిని.

మా ఊరి భవనమును తిరిగి బాగుచేసినప్పుడు రెండు తరగతులను పైకి మార్చితిమి. తాళపుచెవులు మూడు చేయించి, ఒకటి బడిలోను, ఒకటి పంచాయతీ కార్యాలయములోను, మూడవది భవనమునకు ఎదురింటి ముసలమ్మ యొద్దను ఉంచితిమి. మొదటి రెండింటి సంగతి ఎట్లున్నను, ఆ ముసలమ్మ ఊరు విడిచి ఎన్నడును పోయెడిది కాదు.