పాత కంప్యూటరు తేల్చిన లెక్క

1997లో మా నాన్నగారు మరణించేనాటికి నెల్లిమర్లలోని మా దుకాణపు పద్దులన్నీ ఒక పాత 286 కంప్యూటరులో ఉండేవి. మృతుని అప్పులు తీర్చిన పిదపనే ఆస్తిని పంచుకోవాలి. “లెక్క తేలేవరకు పంపకాల మాట ఎత్తకండి బాబూ” అన్నారు అమ్మీ.

ఏ ఏటి పద్దు ఆ ఏటిదిగా చక్కగానే తెరుచుకున్నది. అన్నిటినీ ఒకే పట్టికగా కలుపబోగా మాత్రం ‘మెమరీ నిండిపోయినది’ అనే సందేశం వచ్చింది. యంత్రంలో ఉన్న 2 మెగాబైట్లలో సగానికి పైగా వాడకుండా పడి ఉన్నది!

మెమరీలోని ప్రతి గడిని ప్రాసెసరు నంబరుతో గుర్తిస్తుంది. వీధిలో ఇళ్లకు రెండంకెల నంబర్లే వాడితే నూరు ఇళ్లకు మించి గుర్తించలేము కదా! 1978లో ఇంటెల్ తెచ్చిన 8086కు 20 అడ్రసు తీగలు. వాటితో 10,48,576 గడులను, అంటే ఒక మెగాబైటును మాత్రమే గుర్తించవచ్చు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోని 8088కు కూడ అదే హద్దు. అందులోనూ ప్రోగ్రాములకు దక్కినది 640 కిలోబైట్లే. డాస్ ప్రోగ్రాములు ఆ కొలతకే తయారైనవి. 1982 నాటి 286 తన 24 తీగలతో 16 మెగాబైట్లను అందుకోగలదు. కాని అందుకు అది వేరొక పద్ధతికి మారాలి. మామూలు డాస్ ప్రోగ్రాములు ఆ పద్ధతిలో నడువవు.

1985లో వచ్చిన 386 ఈ చిక్కును విప్పింది. పైనున్న మెమరీని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ప్రోగ్రాముకు అందే చోట కనబరచే శక్తి దానికి ఉన్నది. విశాఖపట్నం నుండి వచ్చిన మెకానిక్ మొదట పద్దులన్నిటినీ ఫ్లాపీలకు ఎక్కించాడు. పిదప 286ను ఊడదీసి, 386 జాతి ప్రాసెసరు గల చిన్న పలకను అదే సాకెట్‌లో అమర్చాడు. 286ను బోర్డుకే అతికించి ఉంటే ఆ పని సాధ్యపడేది కాదు. డాస్‌లోని ఈఎంఎం386ను నడుపగా, పడి ఉన్న మెమరీయే పద్దులకు అక్కరకు వచ్చింది.

మెమరీ కొనే ముందు నేటికీ ఇదే ప్రశ్న వేసుకోవాలి: ప్రాసెసరు, బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ దానిని అందుకోగలవా? 32 తీగల అడ్రసుకు 4 గిగాబైట్లే హద్దు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి అందుకోలేకున్నా పెట్టిన సొమ్ము వృథాయే.

ఆ రాత్రి పట్టిక పూర్తయింది. మేము ఎరుగని రెండు బాకీలు బయటపడ్డాయి. వాటిని తీర్చిన తరువాతనే అన్నదమ్ములము, అక్కచెల్లెండ్రము పంపకానికి కూర్చున్నాము.