డూపుల్లేని కొండ

ఆల్ప్స్ కొండలంటే మనకేం కొత్త! రాజ్ కపూర్ 'సంగం' (1964) యూనిట్‌తో యూరప్ వెళ్లొచ్చాడు. యశ్ చోప్రా 'చాందినీ' (1989) నాటికి స్విట్జర్లాండ్ మన వాళ్లకి పక్క వీధి అయిపోయింది. తెలుగు నిర్మాతలూ తక్కువ తినలేదు. హీరోకి స్వెట్టరు, మఫ్లరు, బూట్లు. హీరోయిన్ పాపం పల్చటి షిఫాన్ చీరలో, మంచులో గంతులు! 'కట్' అన్న మరుక్షణం ఎవరో పరుగున వచ్చి ఆవిడకి శాలువా కప్పుతారు. అది మనకి కనిపించదు.

ఈ వారం చెప్పబోయేది అవే కొండల్లో, 'కట్' అనేవాడు లేని ఒక పరుగు గురించి.

ఫ్రాన్స్‌లో షమోనీ అని ఒక చిన్న ఊరు. ఊరి నెత్తి మీద మౌంట్ బ్లాంక్. ఎత్తు 4,800 మీటర్ల పైచిలుకు. ఈ కొండ చుట్టూ కాలిబాట ఉంది. ఫ్రాన్స్‌లో బయలుదేరి, ఇటలీలోకి దిగి, స్విట్జర్లాండ్ మీదుగా మళ్లీ షమోనీకే రావాలి. సుమారు 170 కిలోమీటర్లు. సరదాగా నడిచేవాళ్లు పది పదకొండు రోజులు తీసుకుంటారు. కానీ 2003 నుంచి ఏటా ఆగస్టు చివర్లో ఇదే చుట్టు మీద పరుగు పందెం పెడుతున్నారు. గడువెంతో తెలుసా? నలభై ఆరున్నర గంటలు! అంటే రెండున్నర గంటల సినిమాలు వరసగా పద్దెనిమిది! దారిలో ఎక్కిన ఎత్తంతా కలిపితే దాదాపు 10,000 మీటర్లు. ఎవరెస్టే 8,849 మీటర్లు కదా, ఆలోచించుకోండి.

బయలుదేరేది శుక్రవారం సాయంత్రం, చర్చి ముందున్న చౌకులో. రెండువేలమందికి పైగా జనం, వీపున సంచులు. సంచిలో వాన కోటు, రెండు తలదీపాలు, ఈల, చలికి చుట్టుకునే రేకు దుప్పటి తప్పనిసరి. లేకపోతే శిక్ష పడుతుంది. అప్పుడు మైకుల్లో ఒక సంగీతం మొదలవుతుంది. మనవాళ్లు చెవి కోసుకోవలసిన సంగతి ఇదే! అది సినిమా సంగీతం. రిడ్లీ స్కాట్ తీసిన '1492: కాంక్వెస్ట్ ఆఫ్ పారడైజ్' (1992)కి వాంజెలిస్ కట్టిన బాణీ. కొలంబస్ ఓడల కోసం పుట్టిన బాణీ, ఇక్కడ కాళ్లని సాగనంపుతుంది.

మొదటి ఏడాది 2003లో ఏడు వందల మందికి పైగా బయలుదేరారు. వానా, చలీ వాయించేశాయి. చుట్టు పూర్తి చేసి వచ్చింది 67 మంది! గెలిచినవాడు నేపాల్‌వాడు, దావా షెర్పా. 2010లో అయితే తుఫాను చూసి, మొదలైన కొన్ని గంటలకే పందెం ఆపేశారు. కొండ ముందు ఎంత స్టారైనా ఎక్స్‌ట్రానే మరి.

ఎక్కడం కష్టమనుకుంటాం గానీ, ఈ పందెంలో మనిషిని పడగొట్టేది దిగడం. ఎక్కేటప్పుడు ఊపిరి అరుగుతుంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువంతా తొడల మీద పడుతుంది. యాభై, అరవై కిలోమీటర్లు అయ్యేసరికి తొడలు రాళ్లు. మెట్టు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాలనిపిస్తుంది. పైగా చాలామందికి రెండో రాత్రి కూడా కొండమీదే. నిద్రలేక చెట్టు మనిషిలా, రాయి కుక్కలా కనిపిస్తాయి. కెమెరా ట్రిక్కులు అక్కర్లేదన్నమాట.

అసలు డ్రామా ఇటలీలో. సుమారు ఎనభయ్యో కిలోమీటరు దగ్గర కూర్మయూర్ అనే ఊరొస్తుంది. వేడి సూపు, పొడి బట్టలు, కూర్చోడానికి కుర్చీ. సగం దారి కూడా కాలేదు. ఇక్కడినుంచి షమోనీకి కొండని తొలిచి వేసిన సొరంగం ఉంది. 1965లో తెరిచారు, పొడవు పదకొండున్నర కిలోమీటర్లు. 'ఇక నావల్ల కాదు' అన్నవాళ్లని బస్సెక్కించి ఆ సొరంగంలోంచి షమోనీ తీసుకుపోతారు. కాలినడకన అయితే ఇంకా తొంభై కిలోమీటర్లు, 2,537 మీటర్ల గ్రాండ్ కోల్ ఫెర్రే కనుమ, మరో రాత్రి. బయట బస్సు. నన్నడిగితే ఈ పందెంలో అతి కష్టమైన అడుగు ఏ కొండమీదా లేదు. ఆ కుర్చీలోంచి లేచి, బస్సుని చూడకుండా తలుపు దాటే అడుగు!

ఇప్పుడు హీరోల సంగతి. మన సినిమాల్లో అరవై ఏళ్ల హీరో కాలేజీకి వెళ్లి 'అమ్మా, నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను' అంటే ఈలలేసిన వాళ్లం కదా. ఇక్కడ నిజంగానే జరిగింది. ఇటలీవాడు మార్కో ఓల్మో. రైతు బిడ్డ. లారీ తోలాడు, సిమెంటు క్వారీలో పనిచేశాడు. మాంసం ముట్టడు. 2006లో ఈ పందెం గెలిచాడు, వయసు 57. 'ఏదో అదృష్టం' అన్నవాళ్లకి 2007లో మళ్లీ గెలిచి చూపించాడు, 58 ఏళ్లకి! రెండుసార్లూ ఇరవై ఒక్క గంటల పైచిలుకులో. విగ్గు లేదు, మేకప్పు లేదు. అతని మీద 'ఇల్ కొర్రిదోరె' అని ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. దొరికితే తప్పక చూడండి.

మరి 2008లో గెలిచిందెవరు? కిలియన్ జోర్నె. వయసు 20! స్పెయిన్ కొండల్లో, తండ్రి చూసుకునే ఒక విడిదిలో పెరిగిన కుర్రాడు. 2022లో నాలుగోసారి గెలుస్తూ ఇరవై గంటల లోపే చుట్టేశాడు. ఆడవాళ్లలో అమెరికా అమ్మాయి కోర్ట్‌నీ డాల్టర్ 2019, 2021, 2023లలో గెలిచింది. మోకాళ్ల దాకా జారే వదులు నిక్కరు ఆవిడ ట్రేడ్‌మార్కు. కాస్ట్యూమ్స్ డిజైనర్లు గమనించగలరు!

నా ఓటు మాత్రం ఓల్మోకే. కుర్ర పాఠకులు కోప్పడకండి, మీకూ వయసొస్తుంది.

విజేత శనివారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడు. తిని, నిద్రపోయి లేచాక కూడా వీధిలో చప్పట్లు వినిపిస్తూనే ఉంటాయి. ఆఖరువాళ్లు ఆదివారం సాయంత్రం దాకా వస్తూనే ఉంటారు మరి. జనం బారులుతీరి ఆవుల మెడగంటలు మోగిస్తుంటారు. కొందరు తమ పిల్లల చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ ఆ గీత దాటతారు. గడువులోపు వచ్చినవాళ్లందరికీ చేతుల్లేని కోటు ఒకటి ఇస్తారు. ఇరవై గంటలకి వచ్చినవాడికీ, నలభై ఆరో గంటకి వచ్చినవాడికీ అదే కోటు.