పెళ్లి వీడియోకు సినిమా పాట: ముహూర్తానికి ముందే మేలుకోండి

చర్లపల్లి, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో పెళ్లి వీడియోలు తీసి ఎడిట్ చేసే బృందాలకు, వారికి ఆ పని అప్పగించే కుటుంబాలకు ఇది హెచ్చరిక. పెళ్లివారు కోరారని అనుమతి లేని సినిమా పాటను వీడియోకు జతచేయకండి, నెట్‌లో పెట్టకండి. గోవా, ఉదయపూర్ దాకా వెళ్లి లక్షలు పోసి తీయించుకున్న వీడియో మూగబోవచ్చు. స్టూడియో చానల్ మూతపడవచ్చు. లీగల్ నోటీసూ రావచ్చు.

‘పెళ్లి పాటకు కాపీరైట్ లేదని గవర్నమెంటే చెప్పింది కదన్నా’ అనే మాట స్టూడియోల్లో తరచూ వినిపిస్తుంది. అందులో నిజం సగమే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో పాట వినిపించడానికి మినహాయింపు ఇచ్చింది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలూ అందులోకి వస్తాయి. 2023 జులైలో కేంద్రం ఈ సంగతినే గుర్తుచేసింది. కానీ ఆ మినహాయింపు వేడుక జరుగుతున్నంతసేపే. ఇంటికొచ్చాక అదే పాటను డౌన్‌లోడ్ చేసి, దృశ్యాల కింద పరిచి, కొత్త వీడియోగా తయారుచేయడం వేరే పని. దానికి హక్కుదారుల అనుమతి ఉండాల్సిందే.

వేదిక మీది పాట గొడవ కూడా పూర్తిగా సద్దుమణగలేదు. పెళ్లిళ్లలో సంగీతానికి లైసెన్సు అక్కర్లేదంటూ గోవా ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన సర్క్యులర్‌ను అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు గోవా ధర్మాసనం కొట్టేసింది. అక్కడ పెళ్లి పెట్టుకున్నవారు డీజే పాటల బాధ్యత ఎవరిదో రిసార్టుతో ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

అనుమతి లేని పాట వాడటం జరిమానాతో పోయే వ్యవహారం అనుకోవద్దు. తెలిసి హక్కులు ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. లాభాపేక్ష లేని సందర్భాల్లో కోర్టు శిక్ష తగ్గించవచ్చు. డబ్బు తీసుకుని పనిచేసే స్టూడియోకు ఆ వెసులుబాటు దొరకడం కష్టం. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల నాన్‌బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చిచెప్పింది. పెళ్లివారూ గమనించాలి. డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకుంటే, 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారులు మీరే. వీడియో మీదైనప్పుడు దాని చిక్కులూ మీ దాకా వస్తాయి.

ఈ చిక్కులు ఊహలు కావు. 2011లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు టోనీ రోమో పెళ్లి వీడియోకు టెక్సాస్‌కు చెందిన వీడియోగ్రాఫర్ కోల్డ్‌ప్లే పాట జతచేశారు. వీడియో వైరల్ అయింది. హక్కుదారుల కంట పడింది. చివరికి ఆయన రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే వైరల్ కానక్కర్లేదు. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వ్యవస్థ అప్‌లోడ్ చేయగానే పాటను గుర్తుపడుతుంది. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే చానల్‌నే తొలగిస్తారు. అమెరికాలో ఉన్న చుట్టాల కోసం పెట్టిన లైవ్ కూడా సంగీత్‌లో మోగే పాట వల్ల మధ్యలో ఆగిపోవచ్చు.

పది సెకన్లే వాడితే తప్పు కాదన్న నియమం ఎక్కడా లేదు. పిచ్ మార్చినా, కింద ‘క్రెడిట్స్ టు ఓనర్స్’ అని రాసినా రక్షణ దొరకదు. పాటల యాప్‌కు కట్టే చందా వినడానికే. పాత పాట అయినా తొందరపడొద్దు. సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్‌లకు విడివిడిగా హక్కులుంటాయి. నాచారంలో రామకృష్ణ స్టూడియో కట్టిన ఎన్టీఆర్ దర్శకత్వంలో 1961లో వచ్చిన ‘సీతారామ కళ్యాణం’లోని సీతారాముల పెళ్లి పాటనే చూడండి. 60 ఏళ్ల గడువు లెక్కన రికార్డింగ్ హక్కు 2021తో ముగిసింది. కానీ రచయిత సముద్రాల రాఘవాచార్య 1968లో కన్నుమూశారు. రచన మీద హక్కు ఆ తర్వాత 60 ఏళ్లు, అంటే 2028 చివరి దాకా ఉంటుంది.

కాబట్టి అడ్వాన్సు తీసుకునే రోజే పాటల మాట తేల్చండి. ఏ పాట వాడతారు, అనుమతి ఎవరు తెస్తారు, ఖర్చు ఎవరిది అన్నది ఒప్పందంలో రాయండి. ఆర్ట్‌లిస్ట్, ఎపిడెమిక్ సౌండ్ లాంటి చోట్ల సంగీతం తీసుకుంటే, క్లయింటు పనికి ఆ ప్లాన్ వర్తిస్తుందో లేదో చదివి, లైసెన్సు కాపీ దాచుకోండి. పాట లేని మాస్టర్ కాపీ హార్డ్ డిస్క్‌లో తప్పక ఉంచండి. రేపు అభ్యంతరం వస్తే మళ్లీ ఎడిట్ చేసుకోవచ్చు.

అంతకన్నా మంచి దారి పెళ్లిలోనే ఉంది. మంచి మైకు పెట్టి గట్టిమేళం, మంత్రాలు, వియ్యాలవారి పరాచికాలు, అప్పగింతల వేళ తల్లి మాటలు రికార్డు చేయండి. సన్నాయి బృందంతో త్యాగరాజ కీర్తన వాయించి, వారి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కీర్తనల మీద కాపీరైట్ లేదు. ఇంకొకరి రికార్డింగ్ ఎత్తుకొస్తే మాత్రం కథ మళ్లీ మొదటికే వస్తుంది.

మ్యూజిక్ కంపెనీలూ బాధ్యత తీసుకోవాలి. చిన్న స్టూడియో భరించగల ధరకు, ఒకేచోట, తెలుగులో దరఖాస్తు చేసుకునేలా పెళ్లి వీడియోల లైసెన్సు ఇవ్వాలి. పాట రాసినవారికి, కట్టినవారికి అందులో వాటా చేరాలి. వాళ్లూ మన వీడియోగ్రాఫర్లలాగే పనిమీద బతికేవాళ్లు. ఆ ఏర్పాటు వచ్చేదాకా స్టూడియోలు ‘అనుమతి లేని పాట పెట్టం’ అని ముందే చెప్పాలి. పెళ్లివారు ఆ మాటను మన్నించాలి. ఇప్పటికే ఒప్పుకున్న పెళ్లిళ్ల పాటల జాబితాలను ఈ వారమే బయటకు తీసి సరిచూసుకోండి.