బల్లకి లేని తొందర మనకెందుకు?

ముసురు పట్టిన శ్రావణమాసంలో వడియాలు పెట్టమని మిమ్మల్ని ఎవరైనా అడుగుతారా? అడగరు. మా అత్తగారి ఊళ్ళో ఎవరైనా ఆ మాటెత్తితే "మతి పోయిందా" అంటారు. ఎండ ఉంటేనే వడియం, అంతే. మరి అదే ఇంట్లో ఆ వడియాలే తిని పెరిగిన మా ఆయన, డిసెంబరు నెలలో, ఈ మిషిగన్‌లో, "సంక్రాంతికల్లా బల్లకి పాలిష్ అయిపోవాలి, అన్నయ్యావాళ్ళు భోజనానికొస్తున్నారు" అన్నారు.

మతి పోయిందా అని నేను అనలేదు. సరేనన్నాను. ఇవాళ రాస్తున్నది కొంచెం ఆయన మీద, చాలావరకు ఆ "సరే" మీద.

బల్ల సంగతి చెప్తాను. ఓక్ చెక్క భోజనాల బల్ల, ఆరుగురు కూర్చోవచ్చు. అక్టోబరులో పక్క వీధి గరాజ్ సేల్‌లో 40 డాలర్లకి దొరికింది. పైన అంతా గ్లాసుల మరకలు, గీతలు. నవంబరంతా ఉప్పు కాగితం పట్టి నేనే రుద్దాను. (మా వైపు శాండ్ పేపర్‌ని ఉప్పు కాగితమనే అంటారు, నాకు ఆ పేరే ఇష్టం.) "ఇది నీ పనా, మనిషిని పెట్టుకోవచ్చుగా" అన్నవాళ్ళున్నారు. డబ్బిచ్చేవాళ్ళు మాత్రం లేరు.

రుద్దడం అయ్యాక పైపూత. గుడ్డతో పూసే పాలీయురేథేన్ అని డబ్బాలో వస్తుంది. మామూలు వార్నిష్‌నే బాగా పలచన చేసి అమ్ముతారు. బ్రష్ అక్కర్లేదు, పాత బనియను గుడ్డ ముంచి తుడిచినట్టు పూస్తే చాలు. చార కనబడదు, బుడగ రాదు. పలచన కాబట్టి మూడు నాలుగు పూతలు వేయాలి. పూతకీ పూతకీ మధ్య రెండు మూడు గంటలు చాలని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంది. చిన్నక్షరాల్లో ఏముందంటే, ఆ లెక్క 77 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు, గాలి బాగా ఆడే చోట. అంటే మన లెక్కలో 25 డిగ్రీలు. ఆ రోజు మా గరాజ్‌లో నాలుగు.

మొదటి పూత వేశాను. మర్నాడు వేలు పెట్టి చూస్తే వేలిముద్ర పడింది. మూడో రోజు కూడా, పాకం కుదరని ఉండల్లాగా అంటుకుంటూనే ఉంది. పైగా గరాజ్ దుమ్మంతా దాని మీదే.

ఇది తడిబట్ట ఆరడం లాంటిదని అనుకుంటాం. కాదు. బట్టలో నీళ్ళు పోతే ఆరినట్టే. ఇందులో ముందు ద్రావకం ఆవిరవ్వాలి, ఆ తర్వాత మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడాలి. చలికి రెండూ మందగిస్తాయి. గది వేడిగా ఉంటే సరిపోదు, చెక్క కూడా వెచ్చబడాలి. చల్లటి చెక్కని వెచ్చటి గదిలోకి తెస్తే చన్నీళ్ళ చెంబుకి పట్టినట్టు చెమట పడుతుంది, దాని మీద పూస్తే ఇంకా నాశనం.

ఇక ఫోనులో సలహాలు మొదలయ్యాయి. న్యూజెర్సీ నుంచి మా బావగారు, గరాజ్‌లో హీటర్ పెట్టమన్నారు. ఎర్రగా కాలే తీగ, పక్కన పెట్రోలియం ఆవిరి, ఆ పక్కన కారు! మా మరిది హెయిర్ డ్రయ్యర్ అన్నాడు. తర్వాత బేస్‌మెంట్‌లోకి దింపెయ్యమన్నాడు. ఇన్ని సలహాలిచ్చిన వాళ్ళలో ఒక్కరికీ డబ్బా చూపించి ఇది చదివారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

బేస్‌మెంట్‌లోకే దింపాం. ఒక రోజంతా వెచ్చబడనిచ్చి, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రెండో పూత వేశాను. ఇల్లు చల్లబడుతుందని కిటికీలు మూసే ఉంచాం. అక్కడే మా ఫర్నెస్, వేణ్ణీళ్ళ ట్యాంకు, రెండూ గ్యాసువి. ఆ ఫర్నెస్ గాలి పైన పడగ్గదులన్నిటికీ వెళ్తుంది. గంటలో ఇల్లంతా అదే వాసన.

రాత్రి రెండింటికి మా చిన్నాడికి పిల్లికూతలు. వాడికి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ ఇచ్చి, ఇంట్లో ఉన్న కిటికీలన్నీ తెరిచాం. బయట మంచు. రగ్గులు కప్పుకుని నలుగురం తెల్లారేదాకా హాల్లో కూర్చున్నాం. మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని తిట్టడానికి నాకూ నోరు రాలేదు. ఆయన చిన్నక్షరాలు చదవలేదు. చదివినదాన్ని నేను. మంటకి దూరంగా వాడమని అందులోనే ఉంటే, గ్యాసు మంట పక్కనే పూసినదాన్నీ నేనే. ఆ రాత్రి పిల్లికూతలతో పోయింది, అది మా అదృష్టం.

గుడ్డల సంగతి కూడా చెప్పాలి. పూసిన గుడ్డల్ని ఉండ చుట్టి ప్లాస్టిక్ సంచిలో పడేశాను, మామూలు మసిగుడ్డల్లాగా. అలా ఎప్పుడూ చేయకండి. నూనె ఆక్సిజన్‌ని పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ విప్పి ఉంటే ఆ వేడి గాల్లోకి పోతుంది, ఉండ చుడితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం అలాగే తగలబడింది. చెక్క పలకలకి పట్టించిన అవిసె నూనె గుడ్డలు 22వ అంతస్తులో పడున్నాయి, వాటి నుంచే మంట పుట్టింది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. గుడ్డల్ని ఆరుబయట ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

ఇప్పుడు నా ప్రశ్న. సంక్రాంతికల్లా అన్న గడువు పెట్టిందెవరు? బల్ల పెట్టలేదు. వచ్చేవాళ్ళు కూర్చునేది గంటసేపు. ఆ గంట కోసం ఇంట్లో పిల్లాడు ఏ గాలి పీల్చాలో నిర్ణయమైపోయింది, ఆ నిర్ణయంలో గుడ్డ పట్టుకున్న మనిషికి మాట లేదు. హైదరాబాదు ఫ్లాట్లలోనూ చూశాను. ముహూర్తం కుదిరిందని గృహప్రవేశానికి వారం ముందు అల్మారాలకి పాలిష్ కొట్టిస్తారు, దుమ్ము పడకూడదని కిటికీలు మూయిస్తారు, ఆ వారమే చంటిపిల్లతో సహా దిగిపోతారు. తలనొప్పంటే "కొత్తింటి వాసన, నాలుగు రోజులే" అంటారు. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారు పాలిష్ డబ్బా చదివి పెట్టలేదు కదా!

"నీళ్ళతో కలిపిన రకం ఉందిగా, వాసన తక్కువ" అంటారు. ఉంది, తక్కువే. చలి దానికీ పడదు, గాలి దానికీ కావాలి. అయితే చలికాలంలో అసలు ముట్టుకోకూడదా? పీటో, ట్రేయో అయితే, మంట లేని గది ఉండి, అది వెచ్చగానూ ఉండి, కిటికీ తీయగలిగితే, ఆ గదిలో ఎవరూ పడుకోనక్కర్లేకపోతే, చేసుకోండి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా ఆపేయండి. అడిగినవాళ్ళకి డబ్బా చేతికిచ్చి చదవమనండి. నేను ఆ పని చేయలేదు కాబట్టే మీకు చెప్తున్నాను.

సంక్రాంతికి బల్ల గరాజ్‌లోనే ఉంది. హాల్లో దుప్పట్లు పరిచి, ఇండియన్ స్టోర్ అరిటాకులు వేసి పంక్తి భోజనం పెట్టాను. మోకాళ్ళ నొప్పులని బావగారు సోఫాలో కంచం పెట్టుకుని తిన్నారు. "బల్ల ఏదమ్మా?" అన్నారు. "ఆరుతోందండీ" అన్నాను. "ఇంకానా?" అన్నారు. మా తోడికోడలు అక్కయ్య ఏమీ అడగలేదు, ఇంకో అరిసె వేయించుకుంది.

మే నెలలో జిగటంతా గీకి, మళ్ళీ ఉప్పు కాగితం పట్టి, గరాజ్ తలుపు బార్లా తీసి, రెండు రోజుల్లో నాలుగు పూతలు వేశాను. ఒక్క వేలిముద్ర పడలేదు. పిల్లలు ఇప్పుడు దాని మీదే హోంవర్కు చేసుకుంటున్నారు.

మొన్న బావగారు ఫోన్ చేశారు. ఫిబ్రవరిలో కొత్తింట్లోకి దిగుతున్నారట, టేకు పూజామందిరం కొన్నారట, దానికి పాలిష్ పెట్టాలట. "నీకు అలవాటేగా, ఒక వారం వచ్చి వెళ్ళమ్మా" అన్నారు. ఫోను అక్కయ్యకి ఇమ్మన్నాను. మందిరం ఏ గదిలో ఉందో, ఫర్నెస్ ఎక్కడుందో అడిగి, మే నెలలో వస్తానన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "సరే, ఆయనకి నేను చెప్తాలే" అంది.